నింద, అవజ్ఞ

గడచిన కార్తికమాసంలో అన్నప్రసాద సేవలో ఉన్నప్పుడు, వరుసలో నెమ్మదిగా నడుస్తున్న ఒక వృద్ధురాలిని “ఏమే, త్వరగా జరుగు” అన్నాను. ఆమె బదులు పలుకలేదు. విస్తరి ముందు కూర్చుండి, ప్రసాదాన్ని కళ్లకద్దుకొని స్వీకరించింది. ‘నేను తిట్టలేదు కదా’ అని ఆ రాత్రి మనస్సుకు నచ్చజెప్పబోయాను, అది అంగీకరించలేదు.

అమరకోశాన్ని తిరగవేశాను. నింద, ఆక్షేపం, అపవాదం, కుత్స మొదలైన పదాలు శబ్దాదివర్గంలో ఉన్నాయి. అనాదరం, పరిభవం, తిరస్క్రియ, అవజ్ఞ, అవహేళనం నాట్యవర్గంలో ఉన్నాయి. నిందకు మాట కావాలి. అవజ్ఞ అంటే ఎదుటివారిని తక్కువగా ఎంచడం. అందుకు ఒక చూపైనా చాలు. నాది అవజ్ఞ అని అప్పుడు తెలిసింది.

దీని తీవ్రతను మహాభారతం కర్ణపర్వంలో చూపుతుంది. గాండీవాన్ని మరొకరికి ఇమ్మన్నవారిని వధిస్తానని అర్జునునికి ఒక వ్రతం ఉన్నది. కర్ణుని బాణాలకు నొచ్చి శిబిరం చేరిన ధర్మరాజు ఆవేదనతో ఆ మాటే అన్నాడు. అర్జునుడు ఖడ్గం దూశాడు. శ్రీకృష్ణుడు వారించి, పూజ్యుని ‘నీవు’ అని సంబోధించి అవమానించడమే ఆయనను వధించడంతో సమానమని బోధించాడు. అర్జునుడట్లే పలికి, పశ్చాత్తాపంతో అన్నగారి పాదాలపై పడ్డాడు.

అయితే ‘నీవు’ అన్న పదంలోనే దోషం ఉన్నదా? మనం భగవంతుని ‘నీవే దిక్కు’ అంటాము. కన్నతల్లిని ‘నువ్వు’ అంటాము. అక్కడ ఉన్నది చనువు, ప్రేమ. అదే ఏకవచనం అపరిచితుల మీద అధికారంతో ప్రయోగించినప్పుడు అవజ్ఞ అవుతుంది. ఉద్వేగం కలిగించనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన వాక్కును గీత పదునేడవ అధ్యాయం వాఙ్మయ తపస్సులో చేర్చింది. ‘జరుగు’ అనడం అసత్యం కాదు. కాని నేను పలికిన తీరులో ప్రియం లేదు.

మరునాడు ఆమెను ధ్వజస్తంభం వద్ద చూచి, “అమ్మా, నిన్న తప్పుగా మాట్లాడాను. క్షమించండి” అన్నాను.

“ఆకలి వేళకు అన్నం పెట్టావు నాయనా, ఇంకేమి కావాలి?” అన్నది. ఆమె కూడ నన్ను ఏకవచనంతోనే పలుకరించింది.

ఇప్పుడు వరుస వద్ద నిలిచినప్పుడు, ఎంత రద్దీగా ఉన్నా, “రండమ్మా, రండయ్యా” అనే పిలుస్తున్నాను.