కార్బన్ సైకిల్ ఫ్రేము – కొంటే మన్నుతుందా?

సైకిల్ అనగానే మనందరి కళ్లముందు మెదిలేది నల్లరంగు ఇనుప సైకిలే. బరువు 20 కిలోల దాకా ఉంటుంది. క్యారియర్ మీద వడ్ల బస్తా వేసినా, ముందు రాడ్డు మీద చెల్లెల్ని కూర్చోబెట్టినా కిక్కురుమనదు. ఇప్పుడు పోటీలకు వెళితే పక్కన ఇంకో రకం సైకిల్ కనబడుతోంది. ఫ్రేము ఒక్కటే తూస్తే కిలో చుట్టుపక్కల ఉంటుంది. ధర మాత్రం సాధారణంగా లక్ష రూపాయలు దాటుతుంది. అది కార్బన్ ఫ్రేము. సైక్లింగ్ పోటీలకు వెళ్లే మన హాస్టల్ తమ్ముళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే: "అన్నా, కార్బన్ ఉన్నట్టుండి విరిగిపోతుందంట, నిజమేనా?" పీజీలో నేను చదువుతున్నది పదార్థ విజ్ఞానం కాబట్టి జవాబు చెప్పే బాధ్యత నామీద పడింది.

కార్బన్ ఫ్రేము అంటే బొగ్గుతో చేసింది కాదు. పాలీఅక్రిలోనైట్రైల్ అనే కృత్రిమ దారం ఒకటుంది. మనం వేసుకునే అక్రిలిక్ స్వెట్టరు దారానికి అది దగ్గరి చుట్టం. దాన్ని మొదట గాలిలో రెండు మూడు వందల డిగ్రీల దగ్గర, తర్వాత ఆక్సిజన్ లేని కొలిమిలో 1000 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిచేస్తే మిగిలిన మూలకాలు చాలావరకు పోయి కార్బన్ పోగు మిగులుతుంది. ఒక్కో పోగు మందం సుమారు 7 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో పదోవంతు. ఇలాంటి వేల పోగులను ఎపాక్సీ జిగురుతో కలిపి, పొరలు పొరలుగా అచ్చులో పేర్చి, వేడిమీద గట్టిపరుస్తారు.

దీని స్వభావం తెలియాలంటే వెదురును చూడండి. అడ్డంగా నరకాలంటే కత్తి పదునుగా ఉండాలి. నిలువుగా అయితే ఒక్క దెబ్బకు చీలిపోతుంది. నార ఉన్న దిశలో బలం, నారకు నారకు మధ్య బలహీనత. కార్బన్ కూడా అంతే. పోగుల వెంబడి లాగితే అపారమైన బలం. అడ్డంగా పట్టుకునేది జిగురు మాత్రమే. అందుకే ఒక పొరను నిలువుగా, ఇంకోదాన్ని ఏటవాలుగా, మరొకదాన్ని అడ్డంగా పేరుస్తారు. ఈ పేర్చడంలోనే ఉంది పనితనమంతా. ఒకే కార్బన్‌తో మంచి ఫ్రేమూ చేయవచ్చు, పనికిమాలిన ఫ్రేమూ చేయవచ్చు.

ఇక తేలిక సంగతి. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు, అల్యూమినియంది 2.7, కార్బన్–ఎపాక్సీది సుమారు 1.6. మిశ్రమ పదార్థాల వల్ల బరువు తగ్గితే మనిషికి ఎంత మేలో అబ్దుల్ కలాం గారు తన ప్రసంగాల్లో చెప్పేవారు. హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలు ఒక్కోటి 3 కిలోలున్న కాలిపర్లను ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణుల పనిలో నేర్చిన విద్యతో వాటిని 300 గ్రాములకు దించారు. సైకిల్ పందెంలో ఆదా అయ్యే గ్రాములు దాని ముందు చిన్న విషయమే అనుకోండి.

అసలు ప్రశ్నకు వద్దాం. ఇంటర్ భౌతికశాస్త్రంలో 'స్థితిస్థాపక అలసట' చదివే ఉంటారు. బైండింగు తీగను ఒకసారి వంచితే ఏమీ కాదు. ఇటూ అటూ పదిసార్లు వంచితే తెగుతుంది. సైకిల్ ఫ్రేము కూడా పెడల్ తొక్కిన ప్రతిసారీ కంటికి కనబడనంత వంగి, మళ్లీ నిలబడుతుంది. స్టీలుకు ఒక హద్దు ఉంది. ప్రతిబలం ఆ హద్దు లోపల ఉన్నంతకాలం అలసట దాదాపు రాదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. అందుకే గొట్టాలను లావుగా చేసి ప్రతిబలాన్ని తగ్గిస్తారు. కార్బన్ పోగు ఈ విషయంలో లోహాల కంటే ఓర్పు గలది. జర్మనీలో 'టూర్' అనే సైకిల్ పత్రిక 1997లో 12 ఖరీదైన రేసు ఫ్రేములను యంత్రానికి బిగించి, లక్షసార్లకు పైగా తొక్కుడు బలం వేసి చూసింది. చివరిదాకా పగలకుండా నిలిచినవి 3. అందులో రెండు అల్యూమినియం, ఒకటి కార్బన్. స్టీలు ఫ్రేములు ఒక్కటీ నిలవలేదు. అయితే అవి పందేల కోసం పలచటి గొట్టాలతో చేసిన స్టీలు ఫ్రేములు, మన నల్ల సైకిళ్లు కావు. 2011 నుంచి ప్రయాణికులను మోస్తున్న బోయింగ్ 787 విమాన నిర్మాణ బరువులో సగం దాకా ఇలాంటి మిశ్రమ పదార్థాలే. కాబట్టి 'తొక్కగా తొక్కగా కార్బన్ అరిగిపోతుంది' అన్న మాటలో పస లేదు.

మన ఎండల గురించి కూడా భయం అక్కర్లేదు. గట్టిపడిన ఎపాక్సీ మెత్తబడాలంటే సాధారణంగా 100 డిగ్రీలు దాటాలి. రామగుండం ఎండ 47 డిగ్రీలు కొట్టినా దానికి లెక్కలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు జిగురును పాడుచేస్తాయి గానీ, పైనున్న రంగు, వార్నిషు అడ్డుపడతాయి.

భయపడాల్సింది దెబ్బకు. స్టీలు ఫ్రేముకు దెబ్బ తగిలితే సొట్టపడుతుంది, వంగుతుంది, రంగు పెచ్చులూడుతుంది. 'నాకు నొప్పిగా ఉంది' అని ముందే చెబుతుంది. కార్బన్ వంగదు. రాతి మీద పడినప్పుడు పై రంగు చెక్కుచెదరకుండానే లోపలి పొరలు విడిపోవచ్చు. ఆ తర్వాత నెలల తరబడి మామూలుగా నడిచి, ఒకరోజు గుంతలో దిగినప్పుడు పుటుక్కుమనవచ్చు. చూసినవాళ్లు 'ఊరికే విరిగింది' అంటారు. ఊరికే విరగలేదు, ఎప్పుడో తగిలిన దెబ్బ అది. రెండో శత్రువు స్పానరు. సీటు పోస్టు, హ్యాండిల్ దగ్గరి బోల్టులకు చాలాచోట్ల 5 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. 'ఇంకో రెండు చుట్లు' అని బలమంతా వేసి బిగిస్తే అక్కడికక్కడే గొట్టం చిట్లుతుంది.

అలాగని విరిగినదంతా కార్బన్ ఖాతాలో రాయకూడదు. 2006 పారిస్–రూబే పందెంలో జార్జ్ హింకాపీ రాళ్లు పరిచిన బాటలో వెళుతుండగా హ్యాండిల్ చేతికి ఊడివచ్చి కింద పడ్డాడు. ఆయన తొక్కుతున్నది కార్బన్ సైకిలే. కానీ విరిగింది ఫోర్కును హ్యాండిల్‌కు కలిపే అల్యూమినియం గొట్టం.

కొత్త ఫ్రేముకు పరీక్షలున్నాయి. ఐ.ఎస్.ఓ. 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తొక్కుడు బలాన్ని 1,00,000 సార్లు వేయాలి, 22.5 కిలోల బరువును ముందువైపు పడేసి చూడాలి. ఈ ప్రమాణం నెగ్గిన కంపెనీ ఫ్రేమును గ్యారంటీతో కొన్నవాడు, పడకుండా, సరిగా బిగించుకుంటే ఏళ్ల తరబడి నిశ్చింతగా తొక్కవచ్చు. ఇది నా అభిప్రాయం.

కానీ మన తమ్ముళ్లు అడిగేది కొత్తదాని గురించి కాదు. నగరంలో ఎవరో తొక్కి వదిలేసిన సైకిల్ నలభై, యాభై వేలకు వస్తోంది, కొనమంటావా అని. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. యాభై వేలంటే అమ్మ ఎన్ని సీజన్లు పత్తి ఏరాలో తెలుసుకోవడానికి నాకు పదార్థ విజ్ఞానం అక్కర్లేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను, వద్దు. దాని చరిత్ర మనకు తెలియదు. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు రూపాయి బిళ్లతో తట్టి చూడవచ్చు. ఒకచోట మాత్రం బొద్దుగా మోగితే అనుమానించాలి. కానీ గొట్టం మందం చోటుచోటుకూ మారుతుంది కాబట్టి బాగా మోగినంత మాత్రాన మంచిదని తీర్పు ఇవ్వలేం. ఖాయంగా తెలియాలంటే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాలి. అది సైకిల్ షాపులో జరిగే పని కాదు. పైగా చాలా కంపెనీల గ్యారంటీ మొదట కొన్నవాడికే వర్తిస్తుంది. పేరున్న కంపెనీ బొమ్మ అంటించి చవగ్గా అమ్మే నకిలీ ఫ్రేములైతే ఏ పరీక్షకు నిలిచాయో చెప్పేవాడే ఉండడు.

మరమ్మతు సంగతీ ఆలోచించాలి. మా నాన్న సైకిల్ ఫ్రేము పెడల్ ఇరుసు దగ్గర విరిగితే సంతలో వెల్డింగు చేయించి ఆ సాయంత్రమే మూట వేసుకుని ఇంటికి వచ్చాడు. కార్బన్‌నూ బాగుచేయవచ్చు. పాడైన పొరలను చెక్కేసి, కొత్త పొరలు అదే దిశలో అతికించి గట్టిపరచాలి. ఆ పని వచ్చినవాళ్లు మండల కేంద్రంలో దొరకరు.

డబ్బు తక్కువున్న పోటీదారుకు మధ్యేమార్గం ఉంది. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు ఉన్న సైకిల్. బరువు కొంచెం ఎక్కువే గానీ ధర బాగా తగ్గుతుంది. దాని మీద పడినప్పుడు కూడా లేచి దుమ్ము దులుపుకుని వెంటనే ఎక్కేయకండి. ముందు చక్రం విప్పి ఫోర్కు రెండు కాళ్లనూ గుడ్డతో తుడిచి, వేలితో రాస్తూ పైనుంచి కిందిదాకా చూడండి. గుడ్డకు పోగు తగులుకున్నా, గీత కనబడినా, బ్రేకు వేసినప్పుడు కొత్త చప్పుడు వచ్చినా ఆ ఫోర్కు మార్చేదాకా తొక్కవద్దు. ఫ్రేము విరిగితే ఒక్కోసారి పక్కకు దిగే వ్యవధి ఉంటుంది, ఫోర్కు విరిగితే ముఖమే ముందు నేలను తాకుతుంది.