సముద్రజలమున నాచు – ఆలుచిప్పల విషము

నాచు అనగానే చెరువు మెట్లపై కాలుజారునట్లు పేరుకొను పాచి అందరికిని జ్ఞప్తికి వచ్చును. సముద్రమునందును నాచు కలదు. కొన్ని జాతులు త్రాళ్లవలె ఒడ్డునకు కొట్టుకొని వచ్చును. తక్కినవి కంటికి కానరానంత సూక్ష్మములు. ఈ సూక్ష్మజాతులలో పెక్కు సూర్యరశ్మి సాయమున తమ ఆహారమును తామే తయారుచేసికొని ప్రాణవాయువును విడుచును. చిరుచేపలు, రొయ్యపిల్లలు, ఆలుచిప్పలు వీనిపై ఆధారపడి బ్రతుకును. కనుక నాచు సముద్రమునకు శత్రువు కాదు. పొలమునకు పైరు వంటిది. మితిమీరినపుడే కీడు కలుగును.

మితిమీరుటకు కారణములు

నాచు పెరుగుటకు నత్రజని, భాస్వరము కావలెను. నైరుతి ఋతుపవన కాలమున పడమటి తీరమునందు అడుగునీరు పైకి వచ్చి ఈ పోషకములను తెచ్చును. ఇది ప్రకృతిసిద్ధము. పట్టణముల మురుగునీరును, పొలముల ఎరువులును కాలువలద్వారా కడలి చేరినపుడు అవి మరింత హెచ్చును. అపుడు కొలది దినములలోనే నాచు ప్రబలి, నీరు ఎఱ్ఱగనో, ఆకుపచ్చగనో, గోధుమవన్నెగనో మారును.

నీటికి కలుగు చెరుపు

దట్టముగ పెరిగిన నాచు పగలు ప్రాణవాయువు నిచ్చినను రాత్రి తానే దానిని పీల్చుకొనును. అది చచ్చి కుళ్ళునపుడు సూక్ష్మజీవులు నీటిలో మిగిలిన ప్రాణవాయువును హరించును. చేపలు ఊపిరాడక చచ్చును. 2019 సెప్టెంబరులో మన్నారు సింధుశాఖయందు నాక్టిల్యూకా అను ఏకకణజీవి ప్రబలి నీరు పచ్చబడినది. చేపలు చచ్చి ఒడ్డున పడినవి.

మనుష్యులకు కలుగు అపాయము

కొన్ని జాతుల నాచు విషమును పుట్టించును. ఆలుచిప్పలు నీటిని వడగట్టి నాచును తినును గనుక ఆ విషము వాని మాంసమున చేరును. చిప్పలకు ఏ జబ్బును కానరాదు. మాంసము రుచియందును వాసనయందును భేదముండదు. వండినను విషము నశింపదు.

1981లో తమిళనాడు తీరమున ఇట్టి మాంసము తిని 85 మంది ఆసుపత్రి చేరిరి, ముగ్గురు మరణించిరి. 1997 సెప్టెంబరులో కేరళ రాష్ట్రమందలి విళింజమున ఏడుగురు మరణించిరి. 500 మందికి పైగా ఆసుపత్రుల పాలైరి.

తినిన అరగంట మొదలు కొన్ని గంటలలోపల పెదవులు, నాలుక, ముఖము చిమచిమలాడును. పిమ్మట వ్రేళ్లు తిమ్మిరియెక్కును. విషము అధికమైనచో కండరములు చచ్చుబడి శ్వాస ఆగును. దీనికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో కృత్రిమశ్వాస నిచ్చి కాపాడగలిగినచో రోగి సాధారణముగ కోలుకొనును. కనుక నాటువైద్యముతో కాలము గడపరాదు.

పాటింపవలసిన జాగ్రత్తలు

1. నీటి రంగు మారినచోట ఆలుచిప్పలు ఏరరాదు, తినరాదు.

2. అట్టి నీటిలో స్నానము చేయరాదు, పిల్లలను దిగనీయరాదు.

3. చచ్చి ఒడ్డున పడిన చేపలను వండుకొనరాదు, అమ్మరాదు.

4. నీరు తేటగ నున్నంతమాత్రమున చిప్పలు నిర్దోషములని నమ్మరాదు. మత్స్యశాఖవారి హెచ్చరికను పాటింపవలెను.

5. తిమ్మిరి తోచినవెంటనే ఆసుపత్రికి పోవలెను. ఏమి తినినదియు వైద్యునకు చెప్పవలెను. కలిసి భుజించినవారిని కూడ పరీక్ష చేయింపవలెను.

హైదరాబాదునందలి భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ఉపగ్రహముల సాయమున నాచు ప్రబలిన తావులను గుర్తించి తెలుపుచున్నది. ఉపగ్రహమునకు నీటి వన్నె తెలియునుగాని మాంసములోని విషము తెలియదు; అందుకు ప్రయోగశాల పరీక్ష కావలెను. కిలోగ్రాము మాంసమున సాక్సిటాక్సిన్ వర్గపు విషము 0.8 మిల్లీగ్రాములకు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణము.

అడుగునీరు పైకి వచ్చుటను మానవుడు ఆపజాలడు. మురుగును శుద్ధిచేసి విడుచుట, ఎరువులను అవసరమైనంతయే చల్లుట మాత్రము అతని చేతిలోని పనులు. ఊరి కాలువలో పడవేసినది కడలిచేరి, తుదకు కంచములోనికే తిరిగివచ్చునని గ్రహింపవలెను.