గారిఫునాలు: పేరు మార్చి నేల లాక్కున్న కథ

2024 టీ20 వరల్డ్ కప్‌లో అఫ్ఘానిస్తాన్ బంగ్లాదేశ్‌ని ఓడించి సెమీస్‌కి వెళ్ళిన మ్యాచ్ గుర్తుందా? వాన పడుతూ ఆగుతూ సాగిందే, అదే. ఆ గ్రౌండ్ పేరు ఆర్నోస్ వేల్, సెయింట్ విన్సెంట్ దీవిలో ఉంది. ఆ మ్యాచ్ పుణ్యమా అని దీవి గురించి వెతుకుతుంటే చటోయర్ అనే పేరు తగిలింది. కరీబియన్ అంటే క్రికెట్, జాక్ స్పారో తప్ప ఇంకేమీ తెలియని నేను రెండు వారాలు అక్కడే ఆగిపోయాను.

ఆ దీవి కలినాగో అనే ఆదివాసులది. యూరప్ వాళ్ళు వాళ్ళని కరీబ్‌లు అన్నారు. 17వ శతాబ్దంలో బానిస ఓడ పగిలి ఒడ్డుకు చేరిన ఆఫ్రికన్లు, పక్క దీవుల తోటల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు వీళ్ళతో కలిసిపోయారు. పెళ్ళిళ్ళు జరిగాయి, ఆఫ్రికన్లు ఇక్కడి భాషే నేర్చుకున్నారు. అలా పుట్టిన జాతే గారిఫునా.

1748లో బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ ఈ దీవి జోలికి రామని ఒప్పుకున్నాయి. 1763లో పారిస్ ఒప్పందంలో అదే దీవి బ్రిటన్‌కి రాసేశారు. అక్కడ ఉండేవాళ్ళని ఒక్క మాట అడగలేదు. చెరకు పండే మంచి నేలంతా గారిఫునాల చేతిలో ఉంది. అప్పుడు తోటల యజమానులు ఓ వాదన తెచ్చారు: వీళ్ళు 'నల్ల కరీబ్‌లు', అంటే అసలు ఆదివాసులు కాదు, ఆఫ్రికా నుంచి వచ్చి దీవిని ఆక్రమించినవాళ్ళు, కాబట్టి నేల మీద హక్కు లేదు. సముద్రం దాటి నిన్నగాక మొన్న దిగినవాళ్ళు ఈ మాట అనడం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

1769లో సర్వేయర్లు, రోడ్డు వేసేవాళ్ళు వాళ్ళ వైపు వస్తే గారిఫునాలు అడ్డుకున్నారు. 1772లో సైన్యం దిగింది. అడవి, కొండ, రోగాలు కలిసి బ్రిటిష్ వాళ్ళని సతాయించాయి. లండన్ పార్లమెంటులోనే ఈ యుద్ధం న్యాయమేనా అని ప్రశ్నలొచ్చాయి. చివరికి 1773లో సంధి చేసుకుని, దీవి ఉత్తర భాగం వాళ్ళకే వదిలారు. ఈ పోరాటానికి నాయకుడు జోసెఫ్ చటోయర్.

1795లో మళ్ళీ యుద్ధం. ఈసారి గ్వాడలూప్ నుంచి ఫ్రెంచ్ విప్లవకారుల సాయం ఉంది. కానీ మార్చి 14న రాజధాని కింగ్స్‌టౌన్ పైనున్న డోర్సెట్‌షైర్ హిల్ మీద చటోయర్ చనిపోయాడు. మేజర్ లీత్‌తో కత్తియుద్ధంలో పడిపోయాడని అంటారు. ఆ కథ రాసుకున్నది బ్రిటిష్ వాళ్ళే, అందుకే నేను పూర్తిగా నమ్మను.

ఆయన పోయాక కూడా ఏడాదికి పైగా పోరాడారు. 1796లో జనరల్ అబర్‌క్రాంబీ పెద్ద సైన్యంతో వచ్చాడు. ఇళ్ళు, పడవలు, పంటలు తగలబెట్టారు. తిండి లేక లొంగిపోయినవాళ్ళని, నాలుగు వేల మందికి పైగానే, బాలిసో అనే చిన్న దీవిలో పడేశారు. అక్కడ తాగడానికి సరైన నీళ్ళు లేవు. కొన్ని నెలల్లోనే దాదాపు సగం మంది జబ్బుతో చనిపోయారు. ఇంకో ఘోరం, ఒంటి రంగు చూసి మనుషుల్ని వేరు చేశారు. రంగు తక్కువ ఉన్న కొందరిని 'అసలు కరీబ్‌లు' అని వెనక్కి పంపారు. మిగిలినవాళ్ళని 1797 ఏప్రిల్‌లో హోండురాస్ దగ్గర రొవాటాన్ దీవిలో దింపేశారు. సుమారు రెండు వేల మంది.

అక్కడి నుంచి హోండురాస్, బెలీజ్, గ్వాటెమాలా, నికరాగ్వా తీరాలకు పాకారు. ఆదివాసులు కాదన్నారు కదా, వాళ్ళు మాట్లాడేది ఇప్పటికీ ఆ దీవుల ఆదివాసీ భాషే. 2001లో యునెస్కో ఆ భాషని, పాటని, నాట్యాన్ని గుర్తించింది. అంకెల్లో మాత్రం ఓ తమాషా ఉంది: ఒకటి నుంచి మూడు దాకా సొంత మాటలు, నాలుగు నుంచి ఫ్రెంచ్ నుంచి తెచ్చుకున్నవి. ఇది మా రూమ్‌మేట్‌కి చెప్పి నవ్వుతుంటే, "నువ్వు తెలుగులో ఎంత దాకా లెక్కపెడతావ్?" అన్నాడు. యాభై తొమ్మిది తర్వాత ఆగిపోయాను.