చివరి మజిలీలో తోడు

తిరుమలకు కాలినడకన వెళ్ళే యాత్రికులకు అలిపిరి తొలిమెట్టు. అక్కడికి సమీపంలోనే వ్యాధిగ్రస్తులకు ఆశ్రయమిచ్చే వైద్యాలయాలున్నాయి. అలిపిరి రోడ్డులోని స్విమ్స్ 1993లో ప్రారంభమైంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు నిర్మించిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో ప్రారంభమైంది. అయితే ఎంత గొప్ప ఆసుపత్రిలోనైనా అందరి వ్యాధులూ నయం కావు. అప్పుడు రోగికి ఏమి చేయాలి?

"ఇక చేయగలిగింది ఏమీ లేదు" అనడం సరికాదు. వ్యాధి నయం కాకపోయినా నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించవచ్చు. ఇట్టి చికిత్సనే ఉపశమన సేవ లేక పాలియేటివ్ కేర్ అంటారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్, మరణాసన్నుల బాధ శరీరానికే పరిమితం కాదనీ, మనస్సునూ కుటుంబాన్నీ కూడా కలచివేస్తుందనీ గుర్తించారు. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదన సదన్ వెలసింది. 1993లో కేరళలోని కోజికోడ్‌లో ఈ సేవకై ఒక సంఘం ఏర్పడింది. అనంతర కాలంలో కేరళలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇళ్ళకు వెళ్ళసాగారు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఈ సేవను అందిస్తున్నది.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మంచి మందు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు నిబంధనల వలన అది రోగులకు దొరకడం కష్టమయ్యేది. 2014లో ఆ చట్టాన్ని సవరించి నిబంధనలను సడలించారు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి వాడినప్పుడు అది వ్యసనంగా మారడం అరుదు.

ఇంటివారు చేయవలసినవి పెద్ద పనులు కావు. మంచం పట్టినవారిని తరచుగా పక్కకు తిప్పుతూ ఉంటే ఒంటికి పుండ్లు పడవు. ఎండిన పెదవులను తడుపుతూ ఉండాలి. ఆకలి లేనివారికి బలవంతంగా తినిపించరాదు. "నీకేమీ కాదులే" అని ఎల్లరూ అసత్యమాడితే రోగి తన భయాన్ని, తన కోరికను ఎవరికీ చెప్పుకోలేక ఒంటరి అవుతాడు. అతడు అడిగినప్పుడు, అడిగినంత మేరకు నిజాన్ని మృదువుగా చెప్పాలి. మాట్లాడలేని స్థితిలో ఉన్నా వినికిడి మిగిలి ఉండవచ్చును గనుక అతని చెంత ఆత్మీయంగానే పలకాలి.

రాత్రింబవళ్ళు సేవ చేసేవారూ అలసిపోతారు. ఆ భారం సాధారణంగా ఇంటి ఆడవారిపైనే పడుతుంది. రోగిని చూడవచ్చి పరామర్శించి వెళ్ళిపోవడం కంటే, రెండు గంటలు రోగి చెంత కూర్చుని ఆ ఇల్లాలిని నిద్రపోనివ్వడం, మందులు తెచ్చిపెట్టడం, పిల్లలకు అన్నం పెట్టడం నిజమైన సాయం. మరణాన్ని ఆపడం ఎవరి వశమూ కాదు. బాధతో, ఒంటరిగా మరణించే దుఃస్థితిని మాత్రం సమాజం తప్పించగలదు.

అర్థాలు
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
మరణాసన్నులు : మరణానికి చేరువైనవారు
ఉపశమనం : బాధ తగ్గడం

ప్రశ్నలు
1. ఉపశమన సేవ అనగానేమి? దాని ఆవశ్యకతను వివరించండి.
2. రోగికి సేవ చేసేవారికి ఇరుగుపొరుగువారు ఎట్లు తోడ్పడగలరు?
3. రోగి వద్ద నిజాన్ని దాచడం వలన కలిగే నష్టమేమి?