బజారు మాంసం – పరిసర కాలుష్యం

ఆదివారం ఉదయం మన పట్టణాలలో ఏ కూడలికి వెళ్ళినా కనిపించే దృశ్యం ఒకటున్నది. కొక్కేనికి వ్రేలాడే మేకతొడ, చింతమొద్దుపై ఆడే కత్తి, చుట్టూ సంచులతో జనం, ప్రక్కనే మురుగు కాలువ, దుమ్ము రేపుతూ సాగే లారీలు. మనం చూసేది తూకాన్ని మాత్రమే.

ఆరోగ్యవంతమైన జంతువు కండరాల లోపల సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. అవి చర్మం, ప్రేగులు, కత్తి, చేతులు, కడిగిన నీటి ద్వారా వధానంతరం చేరుతాయి. మురుగుపై వాలిన ఈగ కాళ్ళ నూగుతో మరికొన్నింటిని మోసుకొని వస్తుంది. 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఇవి వృద్ధి చెందుతాయి. అనుకూల పరిస్థితులలో కొన్ని జాతులు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్క కణం 4 గంటలలో 4,096 కణాలవుతుంది. మన వేసవి ఎండ 40 డిగ్రీలని మరువరాదు.

"ఉడికిస్తే అన్నీ పోతాయి కదా!" అని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ మాటలో సగమే నిజం. బాగా ఉడికిస్తే బాక్టీరియాలో అధికభాగం నశిస్తుంది. కాని స్టెఫైలోకాకస్ ఆరియస్ అప్పటికే విడిచిన విషం మరిగే నీటికి కూడ లొంగదు. సీసం సంగతి మరీ కఠినం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయినా, దారుల ప్రక్క మట్టిలో చేరిన సీసం తేలికగా తొలగదు. అది మూలకం, ఏ మంటా దానిని విచ్ఛిన్నం చేయలేదు. పసిపిల్లల మెదడుకు అది హానికరం.

పురపాలక కబేళాలో పశువైద్యుడు వేసే ముద్ర జంతువు ఆరోగ్యానికి సాక్ష్యం. ఆ తరువాత అంగడిలో పడిన దుమ్ముకు కాదు.

ఇందులో వృత్తిని నిందించవలసినది లేదు. ఆంధ్ర మహాభారత అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణునికి ధర్మం బోధించిన ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం అమ్ముకొని జీవించినవాడే. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చి 2011లో అమలులోనికి వచ్చినది. శీతల పేటికలు కొనుమంటే రోజుకొక మేకను కోసే చిన్న వ్యాపారి ఎక్కడ కొనగలడు? నీడ, సన్నని తీగవల, శుభ్రమైన నీరు అతనికి సాధ్యమే. మొద్దుపై కత్తిగాట్లలో రక్తం నిలిచి క్రుళ్ళుతుంది. కనుకనే అనుభవజ్ఞులు దుకాణం కట్టేముందు దానిని గీకి, వేడినీటితో కడిగి, ఆరబెట్టి, కల్లుప్పు చల్లి ఉంచుతారు.