ఫోన్‌కి తగిలించే అల్ట్రాసౌండ్ ప్రోబ్: టీనేజ్ పిల్లల గుండె పనితీరు మంచం పక్కనే ఎలా చూస్తాం?

డ్యూటీ పిల్లల వార్డులో, పిచ్చి గాడ్జెట్ల మీద. ఇన్నాళ్లూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాశాను. ఈసారి నా కోటు జేబులో ఉండే గాడ్జెట్ గురించి. ఇది కొనమని చెప్పే రివ్యూ కాదు, ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం.

ముందుగా ఒక రాత్రి సంగతి. 14 ఏళ్ల అమ్మాయి, రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి. గ్యాస్ అనుకుని ఇంట్లో మాత్రలు వేశారు. మా దగ్గరకు వచ్చేసరికి నాడి నిమిషానికి 140, చేతులు చల్లగా ఉన్నాయి. ఒంట్లో నీరు తగ్గిందనుకుని ఒక సెలైన్ ఎక్కించాం. నాడి తగ్గలేదు సరికదా, ఆయాసం పెరిగింది. రెండోది పెట్టబోతూ ఆగి, ప్రోబ్‌ని ఫోన్‌కి తగిలించాను.

"పిల్ల ఇలా ఉంటే ఫోన్ చూసుకుంటున్నారేంటి సార్?" అని తల్లి నిలదీసింది.

"ఫోన్ కాదమ్మా, మీ పాప గుండె చూస్తున్నా" అన్నాను.

గుండె వేగంగా కొట్టుకుంటోంది గానీ, రక్తాన్ని గట్టిగా పిండడం లేదు. అలాంటి గుండె మీద ఇంకో సెలైన్ పడితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరేది. ఆపేసి, కార్డియాలజిస్ట్‌ని పిలిచాం. మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వాపు అని తేలింది. కొన్ని వారాల తర్వాత ఆ పాప నడుచుకుంటూ ఇంటికెళ్లింది.

లోపల ఏముంది?

మామూలు ప్రోబ్‌లో పీజో క్రిస్టల్స్ ఉంటాయి. కరెంట్ ఇస్తే కంపించి శబ్దం పంపుతాయి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ కరెంట్‌గా మారుస్తాయి. జీఈ కంపెనీ వీస్కాన్ 2010లోనే చేతిలో పట్టే సైజుకు వచ్చింది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన బటర్‌ఫ్లై ఐక్యూ క్రిస్టల్స్ బదులు సిలికాన్ చిప్ వాడింది.

ఫోన్‌లో రిఫ్రెష్ రేట్ చూసినట్టే ఇక్కడ ఫ్రేమ్ రేట్ చూడాలి. నాడి 140 ఉంటే ఒక్కో కొట్టుకోవడానికి సుమారు 0.43 సెకను. సెకనుకు 20 ఫ్రేములే వస్తే ఒక బీట్‌లో దొరికేవి ఎనిమిదో తొమ్మిదో. గుండె పూర్తిగా ముడుచుకున్న క్షణం మిస్ కావచ్చు. అందుకే డెప్త్ తగ్గించి, సెక్టార్ సన్నగా చేసి ఫ్రేమ్ రేట్ పెంచుతాం.

ఎలా చూస్తాం?

1. టీనేజ్ పిల్లలకు సిగ్గు ఎక్కువ. ఏం చేస్తున్నామో ముందే చెప్పి, దుప్పటి కప్పి, అమ్మాయిలైతే పక్కన నర్సమ్మను ఉంచుకుంటాను. వీలైతే ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటాం. అప్పుడు గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది.

2. రొమ్ము ఎముకకు ఎడమ పక్కన ప్రోబ్ పెట్టి గుండెను పొడవుగా, తర్వాత అడ్డంగా చూస్తాం. అడ్డంగా చూసినప్పుడు ఎడమ జఠరిక గుండ్రంగా కనిపించాలి, అన్ని వైపుల నుంచీ సమంగా లోపలికి ముడుచుకోవాలి.

3. గుండె కొన దగ్గర నుంచి నాలుగు గదులూ చూస్తాం. కుడివైపు బాగా పెద్దదైందా? చుట్టూ నీరు చేరిందా?

4. తర్వాత కొలత. ఎడమ జఠరిక నిండినప్పటి వెడల్పులోంచి ముడుచుకున్నప్పటి వెడల్పు తీసేసి, నిండినప్పటి దానితో భాగించాలి. 46 మి.మీ. నుంచి 30కి వస్తే 16/46, అంటే దాదాపు 35 శాతం. ఇది మంచి అంకె. 50 నుంచి 43కే వస్తే 14 శాతం. సాధారణంగా 28 దాటి ఉండాలి. దీన్నే ఫ్రాక్షనల్ షార్ట్‌నింగ్ అంటాం.

12 ఏళ్ల బక్కపిల్లాడికీ, 17 ఏళ్ల కబడ్డీ ఆటగాడికీ గుండె సైజు ఒకటి కాదు. అందుకే వెడల్పు మామూలుగా ఉందో లేదో చెప్పడానికి ఎత్తు, బరువు లెక్కలోకి తీసుకునే జెడ్ స్కోర్ చూడాలి.

నేను చేసిన తప్పు

ఒకసారి డెంగ్యూ వచ్చిన 15 ఏళ్ల అబ్బాయికి నాలుగు గదుల వ్యూ మాత్రమే చూసి "పంపింగ్ ఓకే" అని రాశాను. నా ప్రోబ్ గుండె అసలు కొన మీద లేదు, ఒక పక్కెముక పైకి జరిగింది. అలా కోస్తే జఠరిక పొట్టిగా కనిపిస్తుంది, బాగా ముడుచుకుంటున్నట్టు భ్రమ కలుగుతుంది. సీనియర్ మేడం మళ్లీ చూస్తే పంపింగ్ తక్కువే. అదృష్టవశాత్తూ ఆలస్యం కాలేదు. అప్పటినుంచి కనీసం రెండు వ్యూలు ఒకే మాట చెప్పకపోతే "తెలియలేదు, పూర్తి ఎకో కావాలి" అని రాస్తాను.

వాచ్‌లో ఈసీజీ ఉందిగా?

వాచ్ చెప్పేది గుండెలోని కరెంట్, లయ గురించి. పిండే బలం దానికి తెలియదు. లయ సరిగ్గా ఉండి కూడా పంపు బలహీనంగా ఉండొచ్చు.

ఇంట్లో కొనుక్కోవచ్చా?

వద్దు. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం మన దేశంలో రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు అల్ట్రాసౌండ్ మెషీన్ అమ్మడమే నేరం. జేబులో పట్టే ప్రోబ్ కూడా దాని కిందికే వస్తుంది.

ఫైనల్ వెర్డిక్ట్

ఈ గాడ్జెట్ మూడు ప్రశ్నలకు త్వరగా జవాబిస్తుంది: గుండె పిండుతోందా, చుట్టూ నీరుందా, కుడివైపు ఉబ్బిందా? వాల్వ్ జబ్బులు, పుట్టుకతో వచ్చే లోపాలు తేల్చడం పూర్తి ఎకో పని. తల్లిదండ్రులకు ఒక్క మాట: జ్వరమో వాంతులో వచ్చిన పిల్లకు పడుకున్నా ఆయాసం వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, చేతులు చల్లబడినా గ్యాస్ అని ఇంట్లో కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.