పుంజుపిల్లా, పెట్టపిల్లా?

ప్రశ్న: మా నాటుకోడి ఈమధ్యే పిల్లల్ని లేపింది. పెట్టల్ని ఉంచుకుని పుంజుల్ని అమ్ముదామనుకుంటున్నాం. రెక్క చూసి మొదటిరోజే చెప్పొచ్చంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మహబూబాబాద్ జిల్లా

జవాబు: నిజమే గానీ, మీ పిల్లలకు అది పనికిరాదమ్మా. ఈకలు త్వరగా వచ్చే జాతి పుంజును, ఆలస్యంగా వచ్చే జాతి పెట్టను కావాలని జతకట్టిస్తే పుట్టిన పెట్టపిల్లల రెక్కల్లో కింది వరస ఈకలు పొడుగ్గా ఉంటాయి, పుంజుపిల్లల్లో రెండు వరసలూ దాదాపు సమానం. అదీ ఒకటి రెండు రోజుల్లోపే చూడాలి. నాటుకోళ్లలో అలాంటి ఎంపిక ఉండదు.

హేచరీల్లో మలద్వారం తెరిచి గుర్తుపడతారు. 1920, 30లలో జపాన్‌లో రూపుదిద్దుకున్న నేర్పు అది. ఇంట్లో ప్రయత్నించకండి, చెయ్యి తిరగనివారు నొక్కితే పేగు చితికి పిల్ల చనిపోవచ్చు. కోలగుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అనే మాటకు ఆధారం లేదు.

మీకు ఓపికే దారి. ఐదారు వారాలకు పుంజుపిల్లల తురాయి పెరిగి ఎర్రబడుతుంది, కాళ్లు లావెక్కుతాయి. పెట్టల తురాయి చిన్నగా, పాలిపోయి ఉంటుంది. కొన్ని పిల్లలు అప్పటికీ తికమకపెడతాయి. మూడో నెలలో మెడమీద, తోక మొదట్లో ఈకలు చూడండి: పుంజుకు సన్నగా, మొన తేలి మెరుస్తాయి, పెట్టకు కొసలు గుండ్రంగా ఉంటాయి. ఈ గుర్తు చాలా నమ్మకమైనది. అందాకా ఏ పిల్లనూ అమ్మకండి.